తలుపు వెనక జాగా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు తలుపుల గురించే. రాణీగంజ్‌లో మా ఆయనతో కలిసి ఇరవై రెండేళ్లు హార్డ్‌వేర్ కొట్టు నడిపినదాన్ని. బందులు, గడియలు, స్క్రూలు నా చేతులతోనే లెక్కపెట్టి పొట్లాలు కట్టాను. అందుకే ఈ వారం చోటంతా ఈ మూడింటికే ఇస్తున్నాను. పట్టుచీర మీద మరకల గురించి అడిగినవాళ్లకి వచ్చే సంచికలో తప్పకుండా రాస్తాను.

ప్రశ్న: మల్కాజిగిరిలో ఒక్క పడగ్గది పోర్షన్‌లో అద్దెకుంటున్నామండీ. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. అటక నిండిపోయింది. ఓనరుగారు గోడకి ఒక్క మేకు కూడా కొట్టనివ్వరు. తలుపుల వెనక ఏమైనా తగిలించుకోవచ్చా? వంటింటి తలుపుకి పప్పుల సీసాల ర్యాకు పెడదామని మావారు అంటున్నారు. నాకేమో భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

మీ భయం సరైనదేనమ్మా. పప్పుల సీసాలు మాత్రం తలుపుకి వద్దు. ఇది నా ఇంట్లో జరిగి తెలుసుకున్న సంగతి.

చిక్కడపల్లిలో మేముండే ఫ్లాటులో వంటింటిని ఆనుకుని చిన్న స్టోరు గది ఉంది. దాని తలుపుకి లోపలివైపు ఐదరల ఇనుప ర్యాకు బిగించాను. కందిపప్పు, మినప్పప్పు, బెల్లం, చింతపండు, అన్నిటికన్నా కింద అల్లం పచ్చడి జాడీ. మూడు నెలలు బాగానే ఉంది. ఆ తర్వాత తలుపు వేస్తుంటే గడియ వైపు కింది మూల గచ్చుకి రాసుకోవడం మొదలైంది. వానాకాలం కదా, చెక్క ఉబ్బిందనుకుని ఊరుకున్నాను. గచ్చు మీద నెలవంకలా ఒక గీత కూడా పడింది. ఒకరోజు పొద్దున్నే ఎందుకో తలెత్తి చూశాను. పై బందు స్క్రూల తలలు పావంగుళం బయటికొచ్చి ఉన్నాయి. వాటి కింద ద్వారబంధం మీద బొంబాయి రవ్వ చల్లినట్టు చెక్కపొడి. వేలు పెడితే స్క్రూ గిరగిర తిరిగింది. సీసాలు దించుదామని బుట్ట తేవడానికి వెళ్లానో లేదో, వెనక పెద్ద చప్పుడు. బందు ఊడింది, తలుపు వాలింది, జాడీ పగిలింది. అప్పటిదాకా ఆ గుమ్మంలోనే కూర్చుని బొమ్మలు పేర్చుకుంటున్న మా మనవరాలు బుట్ట కోసం నా వెంట వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

గోడకి బిగించిన అర బరువు గోడలోంచి నేలకి దిగుతుంది. తలుపు అలా కాదు, ఒక పక్కనే పట్టుకుని వేలాడుతుంది. కాబట్టి ఎంత బరువు పెట్టామన్నదే కాదు, బందులకి ఎంత దూరంలో పెట్టామన్నదీ చూడాలి. లెక్క చెప్తాను. రెండున్నర అడుగుల వెడల్పు, ఇరవై కిలోల బరువున్న తలుపు అనుకోండి. పై బందుకీ కింది బందుకీ మధ్య ఐదడుగులు. మధ్య బందుని పక్కన పెడితే, ఖాళీ తలుపే పై బందుని దాదాపు ఐదు కిలోల బలంతో బయటికి లాగుతూ ఉంటుంది. గడియ అంచున ఆరు కిలోలు తగిలించారా, ఆ లాగుడు ఎనిమిది కిలోలవుతుంది. అవే ఆరు కిలోలు బందుకి అరడుగు దూరంలో తగిలిస్తే పెరిగేది అర కిలో పైచిలుకే. పైన తగిలించినా కింద తగిలించినా బందులకి తేడా లేదు, పక్కకి ఎంత జరిగామన్నదే తేడా. చాలామంది బరువులు కింద పెడితే చాలనుకుంటారు, అది గాజు పగలకుండా కాపాడుతుందేమో గానీ బందుని కాపాడదు. పిల్లలు తలుపు ధడాలున వేసినప్పుడు పడే దెబ్బ ఈ లెక్కలో లేనే లేదు.

అందుకని గది తలుపుకి పల్చనివి, తేలికవి, అవీ బందుల వైపుకి. మొత్తం మూడు కిలోలు దాటనివ్వకండి. ఇది నేను నా ఇంట్లో పెట్టుకున్న హద్దు. తగిలించేవన్నీ ఒక సంచిలో వేసి, కూరగాయల బండి దగ్గర తూకం వేయించినా సరే.

మీకు మేకు కొట్టే వీలు లేదు కాబట్టి తలుపు పై అంచు మీదుగా తగిలించే రేకు కొక్కేలు తెచ్చుకోండి. బేగంబజార్‌లో గిన్నెల దుకాణాల దగ్గర దొరుకుతాయి. కొనేముందు తలుపు మూసి, పై అంచుకీ ద్వారబంధానికీ మధ్య సందులో రూపాయి బిళ్ళ జరిపి చూడండి. బిళ్ళ సాఫీగా కదిలితే పల్చటి రేకు పడుతుంది. ఇరుక్కుంటే వద్దు, తలుపుని రోజూ బలవంతంగా వేయాల్సి వస్తుంది. వానాకాలంలో ఎలా అని అనుమానం వస్తుంది. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది గానీ నిలువునా పెరిగేది చాలా తక్కువ. పై సందు అంతగా మారదు, గడియ వైపు సందే బిగుస్తుంది. అందుకే కొక్కెం పైన పెట్టమంటున్నాను. రేకు లోపలివైపు పాత దుప్పటి గుడ్డ పీలిక అంటించండి, రంగు గీసుకుపోదు. ఓనరుగారికి మాటనే అవకాశం ఉండదు.

ఇక ఏమి తగిలించాలి? నన్నడిగితే మొదటి చోటు మూతలకి. వంటింట్లో అన్నిటికన్నా ఎక్కువ చోటు తినేవి గిన్నెల మూతలు, జల్లెళ్లు, చిల్లుల గరిటెలు. బల్లపరుపుగా ఉంటాయి, తేలిక, తలుపుకి అతుక్కున్నట్టు ఉంటాయి. పడగ్గది తలుపుకి పాత జీన్స్ ప్యాంటు కాళ్లు కోసి అరల సంచి కుట్టండి. వరసకి నాలుగు చొప్పున మూడు వరసలు. పిల్లల సాక్సులు, బడి ఐడీ కార్డులు, ఛార్జర్లు, కరెంటు బిల్లులు, అత్తగారి కళ్లజోడు పెట్టె, అన్నీ పడతాయి. అత్తగారి మందులు మాత్రం అందులో వద్దు. పిల్లల చేతికందుతాయి. బాత్‌రూమ్ తలుపుకి అసలే వద్దు, ఆవిరికి మాత్రలు మెత్తబడతాయి. ముఖద్వారం వెనక గొడుగులు, బజారు సంచులు చాలు. చెప్పుల ర్యాకు వద్దు. అరడజను జతలంటే నాలుగైదు కిలోల మాటే.

రెండు జాగ్రత్తలు మరిచేపోతారు. తలుపు వెనక నాలుగంగుళాల మందం సామాను ఉంటే తలుపు గోడకి నాలుగంగుళాల ముందే ఆగిపోతుంది. రాత్రిపూట అత్తగారు చీకట్లో లేచి వెళ్లే దారి ఇరుకైందేమో నడిచి చూడండి. కొక్కేల మొనలు పిల్లల కంటి ఎత్తుకి రాకూడదు.

అన్నీ తగిలించాక, తలుపు మూసి, గడియ నాలుక ఆగిన చోట ద్వారబంధం మీద పెన్సిలుతో సన్నని గీత గీయండి. పదిహేను రోజుల తర్వాత చూడండి. నాలుక గీత కిందికి దిగిందంటే తలుపు వాలుతోందన్నమాట. వెంటనే సగం సామాను తీసేయండి. స్క్రూ బెజ్జం వదులైతే మందు తలలు తీసేసిన అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి, బెజ్జం నిండా దూర్చి, పైకి మిగిలింది కోసేసి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్న అదే స్క్రూ బిగిస్తే పట్టేస్తుంది. నేను నా స్టోరు తలుపుకి చేసింది ఇదే. ఆరేళ్లయింది. ఇప్పుడు దాని మీద రెండు చేటలు, ఒక జల్లెడ మాత్రమే ఉంటాయి.

ప్రశ్న: కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో సొంత ఫ్లాటు. వంటింటి అల్మారాల తలుపులకి లోపలివైపు ర్యాకులు బిగిస్తే చోటు కలిసొస్తుందని కార్పెంటర్ అంటున్నాడు. సింకు కింద, సిలిండరు పెట్టే అరకి కూడా. స్క్రూ మొన సన్‌మైకాలోంచి బయటికొస్తుందేమోనని నా దిగులు. అలాగే ఫ్రిజ్ తలుపులో పాలు పెట్టొద్దని మా ఆడపడుచు అంటుంది, నిజమేనా?
— ఒక గృహిణి, కూకట్‌పల్లి

ముందు సిలిండరు సంగతి. ఆ అర తలుపుకి ఏమీ బిగించకండి. వంట గ్యాసు గాలికన్నా బరువైనది, లీకైతే కిందికి దిగి నేలబారునే పేరుకుంటుంది. తలుపు కింద చిల్లులో, జాలీయో పెట్టేది ఆ గ్యాసు బయటికి పోవడానికే. ర్యాకు బిగించి, దాంట్లో సంచులు కుక్కితే ఆ దారి మూసుకుపోతుంది. పైగా సందు కనబడితే లైటరు, అగ్గిపెట్టె అక్కడే పెట్టేస్తాం. 14.2 కిలోల గ్యాసు ఉన్న అరలో నిప్పు పుట్టించే వస్తువు ఎందుకు? మీ కార్పెంటర్ ఎంత మంచివాడైనా ఈ ఒక్కదానికీ ఒప్పుకోకండి.

మిగతా తలుపులకి బిగించవచ్చు. మామూలుగా ఆ తలుపు ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లు ఉంటుంది. ర్యాకు రేకు పల్చనిదైతే 16 మిల్లీమీటర్ల స్క్రూ అవతలికి రాదు. పొడుగు స్క్రూలు తెస్తే మీరే చేతిలోకి తీసుకుని తలుపు అంచు పక్కన పెట్టి కొలవండి. దానికన్నా ముందు చూడాల్సింది లోపలి అర. ర్యాకు మూడంగుళాలు ఉబ్బితే లోపలి అర మూడంగుళాలు వెనక్కి ఉండాలి, లేకపోతే తలుపు మూసుకోదు. మసాలా డబ్బాలు, పోపు దినుసుల చిన్న సీసాలు ఒక్క వరస చాలు. నూనె సీసాలు వద్దు. సింకు కింద తలుపుకి తడి తగులుతుంది, పొట్టు చెక్కతో చేసిన బోర్డయితే తడికి ఉబ్బి స్క్రూ పట్టు వదిలేస్తుంది. అక్కడ పీచు, బ్రష్షు, చేతి తొడుగులు మాత్రం. ఫినాయిలు, యాసిడ్ పిల్లలకి అందని పై అరలోకి పోవాలి.

మీ ఆడపడుచు మాట నిజం. ఫ్రిజ్‌లో అన్నిటికన్నా వెచ్చగా ఉండే చోటు తలుపే. తీసిన ప్రతిసారీ బయటి వేడి ముందు తగిలేది దానికే. ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాద్ ఎండలకి చెప్పేదేముంది. పాలు లోపలి అరలో వెనక్కి పెట్టండి, గుడ్లు కూడా. తలుపులో ఊరగాయలు, జామ్, మంచినీళ్లు. నీళ్ల సీసాలు కూడా రెండుకి మించొద్దు. రెండు లీటర్ల సీసాలు రెండంటే నాలుగు కిలోలు, ఆ తలుపూ బందుల మీదే కదా వేలాడేది. తలుపు వాలితే చుట్టూ ఉన్న రబ్బరు సరిగ్గా అతుక్కోదు. నాలుగు పక్కలా ఒక్కోచోట పాత కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగి చూడండి. బిగువుగా వస్తే మంచిదే. జారిపోయిందంటే చల్లదనం అక్కడ బయటికి పోతోంది.

ప్రశ్న: అమ్మా, శాలిబండల మా ఇల్లు. దర్వాజలు టేకువి, మా నాయిన చేయించినవి, రెండు రెక్కలవి. కోడలు వాటికి కొక్కేలు కొట్టిస్తా అంటున్నది. ఇల్లు ఇరుకే, కాదని ఎట్ల చెప్పాలె? కని ఆ చెక్కకు బెజ్జం పెట్టాలంటే నాకు మనసొప్పుతలేదు.
— ఒక పెద్దాయన, శాలిబండ

మీ మనసు అర్థమైందండీ. మీ కోడలి ఇబ్బందీ అర్థమైంది. ఇద్దరికీ కుదిరే దారి ఉంది.

పాత తలుపుల్లో చుట్టూ ఉండే మందపు చట్టం వేరు, మధ్యలో ఉండే పలక వేరు. పలకని గాడిలో వదులుగా కూర్చోబెడతారు, కాలాన్ని బట్టి ఉబ్బడానికీ తగ్గడానికీ. దానికి మేకు గానీ స్క్రూ గానీ కొడితే ఆ కదలిక ఆగిపోయి పలక నిలువునా చీలుతుంది. కాబట్టి పలక జోలికి ఎవరినీ పోనివ్వకండి. నిలువు చట్టానికైతే చిన్న ఇత్తడి కొక్కెం ఒకటో రెండో పట్టుకుంటుంది. రెండు రెక్కల తలుపులో ఒక్కో రెక్క వెడల్పు తక్కువ, బందుల మీద లాగుడూ తక్కువే. కండువా, గొడుగు, పూజ సంచి తగిలించుకోవచ్చు. అంతకన్నా బరువైనవాటికి తలుపు పక్క గోడకి చిలకకొయ్యలు పెట్టించండి. మన పాత ఇళ్లలో బట్టలు, సంచులు ఉండేది వాటి మీదే, తలుపుల మీద కాదు.

టేకుకి నేరుగా స్క్రూ ఎక్కించకూడదు. స్క్రూకన్నా సన్నని బిట్‌తో ముందు బెజ్జం వేయాలి. ఇత్తడి స్క్రూ మెత్తన, గట్టి చెక్కలో సగానికి తిరిగి పుటుక్కున విరుగుతుంది, ఆ ముక్క మళ్లీ బయటికి రాదు. అందుకని అదే కొలత ఇనుప స్క్రూకి కాస్త సబ్బు రాసి ఒకసారి ఎక్కించి, తీసేసి, ఆ దారిలో ఇత్తడిది బిగించాలి. ఈ మాట కార్పెంటర్‌కి ముందే చెప్పండి. ఎక్కడ బిగించాలో పెన్సిలు గీత మీరే గీయండి, బెజ్జం వేసేటప్పుడు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోండి.