అమికాసిన్ వాడిన పాపకు వినికిడి పరీక్ష 'పాస్' అయితే సరిపోతుందా?

ప్రశ్న: మా పాప 29 వారాలకే పుట్టింది, బరువు 1,100 గ్రాములు. రక్తంలో ఇన్ఫెక్షన్ అని పది రోజులు అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. కామెర్లకు లైటు కింద పెట్టారు. డిశ్చార్జికి ముందు చెవిలో చిన్న గొట్టం పెట్టి పరీక్ష చేసి 'పాస్' అని రాశారు. ఇంట్లో గిన్నె పడితే ఉలిక్కిపడుతోంది కూడా. కానీ ఆ ఇంజెక్షన్‌తో చెవుడు వస్తుందని బంధువులు భయపెడుతున్నారు. ఇంకేమైనా చేయించాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చేయించాలమ్మా. ఆ మందు ఇచ్చినందుకు మాత్రం ఎవరినీ తప్పుపట్టకండి. అంత చిన్న బిడ్డకు రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అమికాసిన్ వాడిన పిల్లల్లో ఎక్కువమంది బాగానే వింటారు.

చిక్కేమిటంటే, అమికాసిన్, జెంటామైసిన్ లాంటి మందులు లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాల్లోకి (హెయిర్ సెల్స్) చేరితే, రక్తంలోంచి పోయాక కూడా అక్కడ చాలా రోజులు ఉండిపోతాయి. ఆ కణాలు చనిపోతే మళ్లీ పుట్టవు. మొదట దెబ్బతినేవి సన్నని, కీచు శబ్దాలను పట్టే కణాలు. గిన్నె మోతకు ఉలిక్కిపడటాన్ని అందుకే పరీక్షగా లెక్కపెట్టొద్దు. వినికిడి కొంత తగ్గిన పిల్లలు కూడా అంత మోతకు ఉలిక్కిపడతారు. వాళ్లకు అందనిది 'స', 'ష' లాంటి ధ్వనులు. ఆ సంగతి మాటలు వచ్చే వయసులో గానీ బయటపడదు.

మీ పాపకు చేసిన పరీక్ష ఓఏఈ అయి ఉంటుంది. హెయిర్ సెల్స్ స్పందిస్తున్నాయా లేదా అన్నదే అది చెబుతుంది. కామెర్లు బాగా ముదిరితే దెబ్బ తగిలేది చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడీమార్గానికి. కణాలు బాగుండి నాడి పనిచేయకపోయినా ఓఏఈలో 'పాస్' వస్తుంది. ఐసీయూలో ఐదు రోజులు దాటి ఉన్న పిల్లలకు, నాడీమార్గాన్ని కూడా చూసే ఏబీఆర్ పరీక్ష చేయాలని చెప్పేది ఇందుకే. మన దగ్గర దాన్నే బెరా అంటారు.

బెరాకు బిడ్డ నిద్రపోవాలి. ఆకలిగా ఉన్నప్పుడు తీసుకెళ్లి, అక్కడే పాలు పట్టి నిద్రపుచ్చండి. ముందురోజు నుంచి తలకు, నుదుటికి, చెవుల వెనక నూనె రాయొద్దు. జిడ్డుంటే ఎలక్ట్రోడ్లు అంటుకోవు, పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తుంది.

వయసు లెక్క పుట్టిన రోజు నుంచి కాదు, 40 వారాలు నిండాల్సిన తేదీ నుంచి వేయండి. మీ పాపకు 11 వారాలు తగ్గించాలి. ఆ లెక్కన నెలకల్లా స్క్రీనింగ్, 3 నెలలకల్లా నిర్ధారణ, లోపం ఉంటే 6 నెలలకల్లా చికిత్స మొదలవ్వాలి. ఐదు రోజులు మించి ఈ మందు వాడారు కాబట్టి ఇప్పుడు బెరా బాగున్నా, 9 నెలలకల్లా ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) చేత మరోసారి పూర్తిగా చూపించండి. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల లోపాలను ముందే గుర్తించే డైస్ కేంద్రాల్లో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ తీసుకెళ్లండి. మందు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకోసారి, ఎన్ని రోజులు ఇచ్చారో, బిలిరుబిన్ (కామెర్ల స్థాయి) గరిష్ఠంగా ఎంతో, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ ఇచ్చారో లేదో అందులో లేకపోతే రాయించుకోండి.

ప్రశ్న: నేను ఎస్ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం) స్టాఫ్ నర్సుని. అమికాసిన్ డోసు ఎక్కడ తప్పుతుంది?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఎక్కువగా వయల్ దగ్గరే. 100 మిల్లీగ్రాములదీ, 500 మిల్లీగ్రాములదీ రెండూ 2 మి.లీ. వయల్సే. మొదటిదాంట్లో మి.లీ.కి 50, రెండోదాంట్లో 250 మిల్లీగ్రాములు. 1,100 గ్రాముల బిడ్డకు కిలోకు 15 చొప్పున 16.5 మిల్లీగ్రాములు కావాలి. చిన్న వయల్‌లోంచి అయితే 0.33 మి.లీ. అదే 0.33 పెద్ద వయల్‌లోంచి లాగితే 82.5 మిల్లీగ్రాములు, అంటే అయిదింతలు! పెద్ద వయల్‌ను ఆ ట్రేలోనే ఉంచకండి.

రెండోది సూది మొదట్లో మిగిలే మందు. కొద్దిపాటి మందు లాగి, అదే సిరంజిలోకి సెలైన్ లాగితే హబ్‌లో ఉన్నది కూడా లోపలికి వచ్చి డోసు పెరుగుతుంది. చిన్న వయల్‌లోంచి 1 మి.లీ. తీసి, వేరే సిరంజిలో ఉన్న 9 మి.లీ. సెలైన్‌కు కలపండి. మి.లీ.కి 5 మిల్లీగ్రాములు అవుతుంది. ఈ బిడ్డకు 3.3 మి.లీ. సిరంజి పంపు మీద గంటపాటు ఇచ్చి, లైన్‌లో మిగిలిన మందును కూడా అదే వేగంతో ఫ్లష్ చేయండి. యాంపిసిలిన్‌తో ఒకే సిరంజిలో కలపొద్దు, మందు పనిచేయదు.

డోసుల మధ్య వ్యవధి 24 నుంచి 48 గంటలు. బిడ్డ గర్భంలో గడిపిన వారాలు తక్కువైన కొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది. నెలలు నిండిన బిడ్డ చార్టు చూసి ఇస్తే ఈ బిడ్డ కిడ్నీలు బయటికి పంపలేవు. తర్వాతి డోసుకు ముందు తీసిన రక్తంలో అమికాసిన్ మి.లీ.కి 5 మైక్రోగ్రాముల లోపు ఉండాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగితే డోసు ఆపి డాక్టరుకు చెప్పండి. ఫ్యూరోసెమైడ్ తోడైతే చెవికి ముప్పు ఇంకా ఎక్కువ. అన్నిటికంటే చెవిని కాపాడేది మాత్రం అవసరం తీరగానే మందు మానేయడమే. 48 గంటలకు రక్తం కల్చర్ (క్రిములు పెరిగాయా అని చూసే పరీక్ష) నెగటివ్ వచ్చి బిడ్డ బాగుంటే, మందు ఆపొచ్చా అని డాక్టరును అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: నాకు ఏడో నెల. మా అమ్మ తమ్ముడికి చిన్నప్పుడు టీబీ ఇంజెక్షన్ల తర్వాత చెవుడు వచ్చింది. డాక్టరుకు చెప్పాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తప్పకుండా చెప్పండి. టీబీకి వాడిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ కూడా అమికాసిన్ జాతిదే. మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) జన్యువుల్లో 1555వ స్థానం దగ్గర మార్పు ఉన్నవాళ్లకు ఈ జాతి మందులు సరైన డోసులో కూడా చెవుడు తేగలవు. అది తల్లి నుంచే వస్తుంది, అంటే మీ మేనమామకూ మీకూ మూలం మీ అమ్మమ్మే, మీ నుంచి బిడ్డకూ రావచ్చు. కేసు షీటు మొదటి పేజీలో రాయించండి. మాంచెస్టర్‌లో బుగ్గ లోపలి స్వాబ్‌తో 26 నిమిషాల్లో దీన్ని తేల్చే పరీక్ష చేసి చూశారు. మన దగ్గర అప్పటికప్పుడు అది దొరకదు కాబట్టి కుటుంబ చరిత్ర చెప్పడమే దారి. అప్పుడు వేరే యాంటీబయాటిక్ ఆలోచిస్తారు.

ప్రశ్న: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో ఏవి మానాలి?
– ఒక నాన్న, సూర్యాపేట

జవాబు: చెవిలో నూనె వేయొద్దు. బట్టల్లో కలరా ఉండలు ఉంచొద్దు. జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్న బిడ్డకు ఆ వాసనకే రక్తకణాలు పగిలి కామెర్లు ఎగబాకుతాయి. జ్వరం వస్తే ఊళ్లో ఆర్ఎంపీ చేత ఇంజెక్షన్ వేయించొద్దు. గర్భం నుంచి లెక్కేసి 41 వారాలు నిండేదాకా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పనికిరాదు, అది బిలిరుబిన్‌ను రక్తంలోకి విడిపించి మెదడుకు చేరుస్తుంది.