కళ పని నీతి బోధించడమేనని రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ అన్నాడా?

లేదు, కళాకారుడు నిజంగా అనుభవించిన భావం ఎదుటివాళ్లకూ అంటుకుని మనుషుల్ని దగ్గర చెయ్యాలన్నాడు. 1897-98లో అచ్చయిన 'కళ అంటే ఏమిటి?' అనే పుస్తకంలో ఈ వాదన ఉంది.

అందులో రెండు విడి ప్రశ్నలున్నాయి. ముందు, భావం అంటుకుందా? అంటుకోకపోతే ఎంత గొప్ప నీతి చెప్పినా అది కళే కాదు. అంటుకున్నాకే రెండో ప్రశ్న: ఆ భావం మనుషుల్ని కలిపేదా, విడదీసేదా? నీతి విషయం వచ్చేది ఇక్కడే.

కోనసీమలో వరినాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాట చూడండి. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అందులో నీతివాక్యం ఒక్కటీ లేకపోవచ్చు. అయినా గట్టు మీద నిలబడ్డవాళ్లకూ ఆ హుషారు వచ్చేస్తుంది, దానికి చదువుతో పనిలేదు. టాల్‌స్టాయ్ లెక్కలో ఇది మంచి కళ. ఇది ఊహించి చెప్పడం కాదు, తన ఊరి రైతు స్త్రీల పాటను పాశ్చాత్య స్వరకర్త బీథోవెన్ పియానో కోసం రాసిన ఒక సొనాటా కంటే పైన పెట్టాడాయన (సంగీతం తెలిసినవాళ్లకు ఇప్పటికీ మంటే).

ఉపదేశం ఉంటేనే మంచి కళ అన్నాడని చాలామంది పొరబడతారు. తన పెద్ద నవలల్ని కూడా చెడ్డ కళలో వేసేశాడు కాబట్టి అలా అనిపించడం సహజమే; నా దృష్టిలో అది మరీ మొండి తీర్పు. కానీ తన రచనల్లో ఆయన మినహాయించిన రెండు కథల్లో ఒకటి కాకసస్ కొండల్లో బందీ అయిన రష్యన్ సైనికుడు తప్పించుకునే కథ. అందులో ఉపదేశమేమీ ఉండదు.