తలకు వెల కట్టినవాడే బిరుదూ ఇచ్చాడా?

ప్రశ్న: ఈ మధ్య అమృత్‌సర్ వెళ్ళొచ్చాం. మొగలుల తరఫున లాహోర్‌ను ఏలిన సుబేదారు జకరియా ఖాన్ సిక్కుల తలలకు వెల కట్టాడని గైడ్ చెప్పాడు. కాసేపటికి, వాళ్ళ నాయకుడికి నవాబు బిరుదు ఇచ్చిందీ ఆయనే అన్నాడు. ఈ రెండూ ఎలా పొసుగుతాయండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రెండూ నిజమేనమ్మా. నేను పాఠం చెప్పే రోజుల్లో పిల్లలూ ఇక్కడే ఆగి, "మనసు మారిందా మాస్టారూ?" అని అడిగేవారు. మనసు సంగతి నాకు తెలీదు గానీ ఖజానాకు మాత్రం గండి పడిందని చెప్పేవాణ్ణి.

జకరియా ఖాన్ 1726లో సుబేదారు అయ్యాడు. 1715లో సిక్కుల సేనాని బందా సింగ్‌ను పట్టుకున్న అబ్దుస్ సమద్ ఖాన్ కొడుకే ఈయన. ఆచూకీ చెప్పినా, తల తెచ్చినా ఇనాం అని చాటించేసరికి సిక్కులు ఊళ్ళు వదిలి అడవులు పట్టారు. ఊళ్ళో మనిషే లేకపోతే శిస్తు ఎవరు కడతారు? పైగా లాహోర్‌కు పోయే శిస్తు సొమ్మును వాళ్ళు గుర్రాల మీద వచ్చి దారిలోనే కొట్టేసేవారు. ఇక లాభం లేదని 1733లో రాజీకి దిగాడు. లాహోర్ కొలువులోని సుబేగ్ సింగ్ అనే సిక్కు చేత లక్ష రూపాయల జాగీరు, పట్టుబట్టలు, నవాబు బిరుదు పంపాడు.

సిక్కు పెద్దలెవరూ ముట్టుకోలేదు. చివరికి, అక్కడ కూర్చున్నవాళ్ళకు విసనకర్రతో విసురుతున్న కపూర్ సింగ్‌కు (మీ గైడ్ చెప్పిన నాయకుడు ఈయనే) అంటగట్టారట. గుర్రాల సాలలో నా పని నాకే ఉంచాలని షరతు పెట్టి ఆయన ఒప్పుకున్నాడంటారు. మనకు నవాబంటే అత్తరు వాసన గుర్తొస్తుంది. ఈ నవాబుగారు పొద్దున్నే గుర్రపు లద్దె ఎత్తేవారు!

1735లో జాగీరు లాగేసుకున్నారు. మళ్ళీ వేట మొదలు.

మీ గైడ్ బోతా సింగ్ కథ చెప్పలేదేమో, నాకిష్టమైంది అదే. తర్న్ తారన్ దగ్గర ఇద్దరు బాటసారులు ఇతన్ని చూసి, "సిక్కులు ఇంకా ఎక్కడున్నారు, అంతా పోయారుగా" అనుకున్నారట. బోతా సింగ్‌కు రోషం వచ్చింది. గర్జా సింగ్ అనే తోడుతో కలిసి, దుడ్డుకర్ర పట్టుకుని రాజమార్గం మీద నిలబడి సుంకం వసూలు చేశాడు. బండికి అణా, గాడిదకు పైసా. జనం కిక్కురుమనకుండా కట్టారు. అది చాలదన్నట్టు సుబేదారుకే ఉత్తరం రాశాడు. పంజాబీలు ఇప్పటికీ పద్యంలా చెప్పుకునే ఆ ఉత్తరంలో ఖాన్‌గారిని ఏమని పిలిచాడనుకున్నారు? "ఖానో వదిన" అని! వంద మంది సిపాయిలు దిగింది ఆ తర్వాతే.