ఆ క్రిస్మస్ రోజు మాట

‘మా అబ్బాయికి 24 ఏళ్ళు. గ్రూప్-2 రెండుసార్లు పోయింది. మూడు నెలలుగా మందిరానికి రావడం లేదు. సంఘ పెద్దగా తలెత్తుకోలేకపోతున్నాను. పాస్టర్ గారితో గట్టిగా హెచ్చరిక చేయించమంటారా, ఉపవాస ప్రార్థన పెట్టించమంటారా?’ అని ఒక తండ్రి రాశారు.

అయ్యా, పాస్టర్ గారిని ఇప్పుడే పిలవకండి. ఉపవాసం మీ ఇష్టం, కానీ మీ కోసం చేయండి. ఉత్తరం చివర్లో మీరు మాటవరసకి రాసిన ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. క్రిస్మస్ ఆరాధనలో అబ్బాయి కీబోర్డు వాయిస్తే అందరూ మెచ్చుకున్నారు. పొగిడితే పాడవుతాడని మీరు మాత్రం ‘రెండో చరణంలో తాళం తప్పావు’ అన్నారు. అప్పట్నుంచి అతను కీబోర్డు ముట్టలేదు.

పొగిడితే పాడవుతారన్న మాట ఎన్ని ఇళ్ళల్లో పిల్లల్ని నలిపేసిందో! నేను దాన్ని ఒప్పుకోను. యేసు ఇంకా పరిచర్య మొదలుపెట్టకముందే, యొర్దాను నది దగ్గర పరలోకపు తండ్రి ‘నీయందు నేనానందించుచున్నాను’ అన్నాడు.

అపొస్తలుడు పౌలుతో కలిసి సువార్త చెప్పిన బర్నబా పేరుకు మన తెలుగు బైబిల్లో అర్థం ‘హెచ్చరిక పుత్రుడు’. అక్కడ హెచ్చరిక అంటే పక్కన నిలబడి ధైర్యం చెప్పడం. పంఫూలియ అనే ప్రాంతంలో సువార్త పని మధ్యలో వదిలేసి వెళ్ళిన మార్కును పౌలు మళ్ళీ వెంట తీసుకెళ్ళనన్నాడు. ఆ కుర్రాడి కోసం బర్నబా పౌలుతోనే తగువుపడి, అతన్ని ఓడెక్కించుకుని కుప్ర ద్వీపానికి వెళ్ళాడు. తర్వాత అదే పౌలు, మార్కు నాకు పనికొస్తాడు, వెంటబెట్టుకు రమ్మని తన శిష్యుడు తిమోతికి రాశాడు. మీ ఇంట్లో ఆ బర్నబా ఎవరండీ?

ఆదివారం సాక్ష్యాల్లో ఊళ్ళో పిల్లల ర్యాంకులు మైకులో చెప్పి స్తోత్రం చెప్పేది మీరేనని మీరే రాశారు. ఆ మైకు పక్కనే కీబోర్డు ముందు మీ అబ్బాయి కూర్చునేవాడు. మందిరం అనగానే అతనికి ఇప్పుడు ఆ మైకే గుర్తొస్తుందేమో.

ఈ రాత్రి భోజనాల దగ్గర, వాళ్ళమ్మ చేత చెప్పించకుండా మీరే చెప్పండి: ‘ఆ రోజు బాగా వాయించావురా. అప్పుడే చెప్పాల్సింది.’ తర్వాత ‘కానీ’ అని ఇంకేం కలపొద్దు. చర్చి ఊసు, పరీక్షల ఊసు వద్దు. అతను కంచంలోంచి తల ఎత్తకపోవచ్చు, ‘ఊఁ’ అని లేచి పోవచ్చు. మర్నాడు ఇంకో మంచి విషయం చెప్పండి. మీకు ఏదీ గుర్తు రాకపోతే వాళ్ళమ్మను అడగండి, ఆవిడ చాలా చెబుతుంది.