ఉపాధ్యాయురాలా, ఉపాధ్యాయినా? ఒజ్జబంతి మాట

సందేహం: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా ఇంటావిడ ముప్పై నాలుగేళ్లు చిన్న తరగతులకు చదువు చెప్పి, పోయిన మాఘమాసంలో కాలం చేసింది. సంవత్సరీకానికి ఆమె మీద చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నాను. అట్ట మీద 'నా అర్థాంగి, ఉపాధ్యాయిని' అని రాసుకున్నాను. ఆమెతో పనిచేసిన తెలుగు మాస్టారు చూసి రెండూ తప్పే అన్నారు. మా అబ్బాయి, 'టీచర్ అని వేస్తే చాలు కదా నాన్నా' అంటున్నాడు. నేను సేద్యగాణ్ణి, ఊళ్లో అందరూ నన్ను టీచరమ్మగారి మొగుడనే అంటారు, నాకు అది సంతోషమే. ఇంకొక సంగతి. ఆమె బీరువాలో పిల్లల నోటుపుస్తకాలు దొరికాయి. ప్రతి పుటలో పై వరస ఆమె చేత్తో రాసింది, కింద వరసలు పిల్లలు దిద్దినవి. ఆ పై వరసకు తెలుగులో పేరేదైనా ఉందా?

సమాధానం: అయ్యా, మొదటి మాట తేలికగా తేలిపోతుంది. సగం అనే అర్థం ఇచ్చేది ధకారమున్న 'అర్ధ' శబ్దమే కనుక 'అర్ధాంగి' అని రాయండి. 'జ్ఞాపకార్థం' అని కూడా వేసేటట్లయితే అక్కడ థకారమే ఉండాలి. 'కీర్తిశేషురాలు' సాధువే, గౌరవార్థంలో 'కీర్తిశేషులు' అన్నా తప్పు లేదు. పేరుకు ముందు 'లేట్' అని మాత్రం వేయకండి. ఇంత చక్కని మాటలుండగా ఆ పొడి అక్షరాలను మన పెద్దల పేర్లకు తగిలించడం నాకు ఎన్నడూ నచ్చలేదు.

ఇక మాస్టారు అన్న రెండో తప్పు సంగతి. 'ఉద్యోగిని', 'విద్యార్థిని' అనే మాటల్లోని నకారం మూలశబ్దంలోనే ఉంది. ఉద్యోగిన్, విద్యార్థిన్ అనే నకారాంతాల మీద స్త్రీప్రత్యయం చేరింది. ఉపాధ్యాయ శబ్దం అకారాంతం, అందులో నకారం లేదు. పత్రికలవారు ఆ మాటల వరసలో దీనిని కూడా కలిపి 'ఉపాధ్యాయిని'ని తయారు చేశారు, మూలం ఏమిటని ఆగి చూసినవారు తక్కువ. సంస్కృతంలో నకారమున్న రూపం ఒకటి లేకపోలేదు. అది 'ఉపాధ్యాయానీ', దాని అర్థం వేరు.

ఆ వేరు ఏమిటో చెప్పకుండా ఈ ఉత్తరాన్ని ముగించలేను. అమరసింహుడు అమరకోశమనే తన సంస్కృత నిఘంటువులో రెండు రకాల స్త్రీలను వేరు చేసి చూపించాడు. తానే చదువు చెప్పే స్త్రీ ఉపాధ్యాయా లేక ఉపాధ్యాయీ; అక్కడ ఆయన వాడిన మాట 'స్వతః', అంటే తనంతట తాను. ఉపాధ్యాయుని భార్య అయినందువల్ల ఆ పేరు పొందిన స్త్రీ ఉపాధ్యాయానీ లేక ఉపాధ్యాయీ. అక్కడి మాట 'పుంయోగే', అంటే పురుషునితో సంబంధం వల్ల. ఆచార్యా, ఆచార్యానీ శబ్దాలకు కూడా ఇదే భేదం. ఆడవారు పాఠం చెప్పడం నిన్న మొన్న పుట్టిన వింత అనుకునేవారు ఈ ఒక్క 'స్వతః' శబ్దాన్ని చూస్తే చాలు. అటువంటి స్త్రీకి వేరే పేరు పెట్టవలసిన అవసరం అంత పాతకాలంలోనే భాషకు వచ్చింది.

తెలుగు ఈ భేదాన్ని తన పద్ధతిలో నిలుపుకుంది. 'ఆలు' శబ్దానికి స్త్రీ అనీ, భార్య అనీ రెండర్థాలున్నాయి. మరి ఉపాధ్యాయురాలంటే ఉపాధ్యాయుడైన స్త్రీయా, ఉపాధ్యాయుని ఆలా? 'ఆలు'కు ముందు రకారం వచ్చి చేరే రుగాగమం సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు గాని, 1858లో బాలవ్యాకరణం ప్రకటించిన చిన్నయసూరి ఆ సూత్రంలో 'కర్మధారయంబునందు' అని ఎందుకు నియమించాడో చాలామంది పట్టించుకోరు. కర్మధారయ సమాసంలో రెండు మాటలూ ఒకే వ్యక్తిని చెబుతాయి. ఆ నియమం వల్ల ఉపాధ్యాయురాలు అన్న మాటలో ఉపాధ్యాయత్వం ఆ స్త్రీదే అవుతుంది. భర్త నుంచి వచ్చినది కాదు. మీ ఇంటావిడ ముప్పై నాలుగేళ్లు నిలబడి సంపాదించుకున్న పేరు అదే. మీకు ఊరు పెట్టిన పేరు చూడండి: అమరసింహుడు భర్తను బట్టి భార్యకు వచ్చే పేర్లు చెప్పాడు, మీ ఊరివారు భార్యను బట్టి భర్తకు పేరు పెట్టారు. దానికి ఒంటిమాట తెలుగులో లేదు. 'టీచరమ్మగారి మొగుడు' అన్న పిలుపును ముందుమాటలో ఉన్నదున్నట్లు రాయండి, దిద్దకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ఇష్టమైన మీ చివరి ప్రశ్న. ఆ పై వరసకు పేరు ఉంది, బహు చక్కని పేరు: ఒజ్జబంతి.

ఉపాధ్యాయుడంటే ఎవరి దగ్గరకు వెళ్లి చదువుకుంటామో ఆయన. ఈ సంస్కృత శబ్దం ప్రాకృతంలో 'ఉవజ్ఝాయ' అయింది. జైనులు నిత్యం చెప్పుకునే నమస్కార మంత్రంలో అర్హంతులకు, సిద్ధులకు, ఆచార్యులకు మొక్కిన తరువాత 'ణమో ఉవజ్ఝాయాణం' అని చదువు చెప్పేవారికి మొక్కుతారు. సంధ్య మనకు సంజ అయినట్లే ఇక్కడ ధ్యకారం జ్జకారమైంది, ముందున్న 'ఉవ' ఒకారంగా కుదించుకుపోయింది, తెలుగు నోటికి 'ఒజ్జ' మిగిలింది. కన్నడంలో ఓజ, ఉత్తరాదిన ఓఝా అనే ఇంటిపేరు, మన జిల్లాకు దక్షిణాన తమిళదేశంలో వాత్తియార్ అన్న పిలుపు, అన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మలే. ఇక బంతి అంటే ఆడుకునే బంతి కాదు, పంక్తి శబ్దానికి తద్భవం. పెళ్లిళ్లలో మొదటి బంతి, రెండో బంతి అని మన వైపు ఇప్పటికీ అంటున్నారు గదా, ఆ బంతే. కనుక ఒజ్జ రాసిన పంక్తి ఒజ్జబంతి. దానిని చూసి శిష్యుడు కింద దిద్దుతాడు. దీనికే వరవడి అని మరో పేరు. ఈ కాలపు రచయితలు 'కొత్త ఒరవడి సృష్టించాడు' అని ఎవరిని పడితే వారిని మెచ్చుకుంటూ, కొందరు దానిని వేగమనే అర్థమున్న 'ఉరవడి'తో కూడా కలిపేస్తున్నారు. పిల్లవాడు దిద్దడానికి పెద్దవారు ముందు రాసి పెట్టినది వరవడి. కింద దిద్దేవారు లేకపోతే అది వరవడి కాదు.

ఒజ్జబంతి అనగానే నాకు మీ ప్రాంతపు కవి ఎఱ్ఱన గుర్తుకు వస్తాడు. ఆయన ఊరని చెప్పుకునే గుడ్లూరు మీకు దగ్గరే. నన్నయ పదకొండో శతాబ్దంలో భారతాన్ని అరణ్యపర్వం నడుమ విడిచి వెళ్లాడు. పదమూడో శతాబ్దంలో నెల్లూరి తిక్కన ఆ శేషాన్ని ముట్టకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. పద్నాలుగో శతాబ్దంలో, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎఱ్ఱన ఆ ఖాళీని పూరించాడు. నన్నయ ఆగిన చోట శరదృతువు నడుస్తున్నది. 'శారదరాత్రు లుజ్జ్వలలసత్తర తారకహారపంక్తులం జారుతరంబు లయ్యె' అన్న పద్యం ఆయన చివరిది. చుక్కల హారాల వరుసలతో అందగించిన శరద్రాత్రులు. ఎఱ్ఱన 'స్ఫురదరుణాంశురాగరుచి' అంటూ అదే శరత్తులో తెల్లవారిన పొద్దుతో అందుకున్నాడు. గురువు రాత్రిని రాసి వెళ్లాడు, మూడు వందల ఏళ్లకు శిష్యుడు తెల్లవారుజామును దిద్దాడు. నన్నయ పద్యంలోని 'పంక్తులం' అన్న మాట మన 'బంతి'కి మూలమే కావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, చదివినప్పుడల్లా నాకు అక్కడ నిలిచిపోవాలనిపిస్తుంది. ఆ పూరించిన భాగాన్ని ఎఱ్ఱన తన పేర చెప్పుకోలేదు; నన్నయ పేరనే, ఆయన రాజైన రాజరాజనరేంద్రునికే అంకితంగా నడిపాడు. పై వరస ఎవరిదో మరవని శిష్యుడు అట్లాగే చేస్తాడు.

అందుచేత ఆ నోటుపుస్తకాల్లో ఒక పుటను ఉన్నదున్నట్లుగా, పిల్లవాడి వంకర గీతలతో సహా, మీ పుస్తకంలో అచ్చు వేయించండి. కింద 'ఒజ్జబంతి' అని ఒక్క మాట చాలు. ఆమె దస్తూరీతో పాటు దాని కింద దిద్దిన చెయ్యి కూడా కనిపించాలి.

అట్టకు నా సలహా 'ఉపాధ్యాయురాలు'. అయితే 'ఉపాధ్యాయిని' వాడుకలో ఎంతగా పాతుకుపోయిందంటే దానిని అపశబ్దమని గట్టిగా కొట్టివేయడానికి నాకు ఇప్పుడు మనసొప్పడం లేదు. రేపటి నిఘంటుకర్తలు దానిని చేర్చుకున్నా ఆశ్చర్యం లేదు. ఆమెకు ఎవరైనా ఆ మాటతో సన్మానపత్రం ఇచ్చి ఉంటే దానిని దిద్దకుండా అలాగే అచ్చు వేయండి. మీ అబ్బాయి చెప్పిన 'టీచర్' కూడా తప్పు మాట కాదు, పిల్లలు ఆమెను పిలిచింది ఆ మాటతోనే గదా. కానీ వట్టి టీచర్ కన్న మీ ఊరి నోట ఉన్న 'టీచరమ్మ' నాకు ఎక్కువ నచ్చింది. అందులోని అమ్మ మన భాష చేర్చినది. లోపలి పుటల్లో ఆ మాటను ధారాళంగా వాడుకోండి.

అచ్చుకు ముందు ప్రూఫులు మీరు ఒకసారి, ఆ తెలుగు మాస్టారు ఒకసారి చూడండి. 'అర్ధాంగి'లో ధకారం, 'జ్ఞాపకార్థం'లో థకారం తారుమారు కావడం ప్రెస్సుల్లో తరచు జరుగుతూ ఉంటుంది. పుస్తకం వెలువడ్డాక నాకు ఒక ప్రతి పంపితే ఆ పై వరసను కళ్లారా చూసుకుంటాను.