నేల, నీటి రసాయన శాస్త్రంలో పరిశోధన: అమెరికాకు కొత్తగా వచ్చేవారికి

వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ గాని, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ గాని పూర్తిచేసి, అమెరికాలో నేల, నీటి పర్యావరణ రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న, ఏ యూనివర్సిటీ మంచిది అని. ఈ రంగంలో ర్యాంకుల పట్టిక అంతగా అక్కరకు రాదు. ఆ రాష్ట్రపు నీళ్లలో, నేలలో ఉన్న చిక్కు ఏమిటి, దాని మీద డబ్బు ఎవరు పెడుతున్నారు అన్నవే చూసుకోవాలి.

1862 నాటి మోరిల్ చట్టం కింద ప్రభుత్వ భూముల సాయంతో ఏర్పడిన ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలకు 1887 నాటి హ్యాచ్ చట్టం వ్యవసాయ ప్రయోగ కేంద్రాలను జతచేసింది. నేల శాస్త్ర విభాగాలు చాలావరకు వీటిలోనే ఉన్నాయి కనుక వాటి పరిశోధన ఆ రాష్ట్రపు పొలాలను, తాగునీటిని అంటిపెట్టుకుని సాగుతుంది. ఫ్లోరిడాలో పొలాల నుంచి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లోకి చేరే భాస్వరం పెద్ద సమస్య. అక్కడి నీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. చిత్తడి నేలల రసాయన శాస్త్రంపై దశాబ్దాలు కృషి చేసిన ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ఆచార్యులు కె. రమేశ్ రెడ్డి గారి పేరు మన విద్యార్థుల్లో చాలామందికి తెలియకపోవడం నాకు వింతగానే ఉంటుంది. అయోవాలో మొక్కజొన్న పొలాల నుంచి నదుల్లోకి దిగే నైట్రేటు, కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో సెలీనియం, మురుగు బురదను ఎరువుగా చల్లిన మెయిన్ రాష్ట్రపు పొలాల్లో పీఫాస్ అనే, తేలిగ్గా విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాలు, ఇలా ఒక్కో చోట ఒక్కో సమస్య. ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసేముందు ఆయన ఇటీవలి వ్యాసం ఒకటైనా పూర్తిగా చదివి, అందులోని ఏ కొలత మీకు ఆసక్తి కలిగించిందో రెండు వాక్యాల్లో చెప్పండి. ట్యూషన్ ఫీజూ నెలవారీ భృతీ ఇచ్చే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ సాధారణంగా ఆయన ప్రాజెక్టు నిధుల నుంచే రావాలి.

మన ప్రాంతపు అనుభవాన్ని తక్కువగా చూసుకోకండి. తాగునీటి ఫ్లోరైడు వల్ల ఎముకలు దెబ్బతినడాన్ని మనదేశంలో మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే నివేదించారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తగ్గించే నల్లగొండ పద్ధతిపై మీరు పనిచేసి ఉంటే, శుద్ధిచేసిన నీటిలో పటిక నుంచి మిగిలిన అల్యూమినియం, ఫ్లోరైడును పట్టి ఉంచుతుందనీ, ఆ ఫ్లోరైడును విడిపించే బఫరు ద్రావణం కలపకపోతే ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడు తక్కువ విలువ చూపుతుందనీ మీకు తెలిసే ఉంటుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క సంగతి వివరంగా చెప్పగలిగినవారిని, పది యంత్రాల పేర్లు రెజ్యుమేలో రాసుకున్నవారికన్నా నేను ముందు పిలుస్తాను.

అంకె ఎలా తప్పుతుందో తెలియడమే ఈ వృత్తికి ప్రాణం. నమూనాను వేడి ప్లాస్మాలో అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి మూలకాలను కొలిచే ఐసీపీఎంఎస్ యంత్రంలో ఆర్సెనిక్‌ను ద్రవ్యరాశి 75 వద్ద కొలుస్తాము. ప్లాస్మాలోని ఆర్గాను, నమూనాలోని క్లోరిను కలిసి ఏర్పడే అయాను కూడా సరిగ్గా 75 వద్దనే కనబడుతుంది. అందువల్ల నమూనాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సిద్ధం చేస్తే, ఆ అడ్డంకిని తొలగించుకోకుండా కొలిచినప్పుడు నీళ్లలో లేని ఆర్సెనిక్ కాగితం మీద కనబడుతుంది. అమెరికాలో తాగునీటి పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములే కనుక అంత చిన్న పొరపాటుతోనే ఒక ఊరి బావి పనికిరానిదైపోతుంది. లోహాల కోసం తీసిన నమూనాలో నైట్రిక్ ఆమ్లం వేసి నిలవ ఉంచుతాము గాని, నైట్రేటు కొలవవలసిన సీసాలో అది వేయకూడదు. ఇటువంటి పనులను టెక్నీషియన్‌కు వదిలేయకుండా మొదటి ఏడాదిలోనే మీ చేత్తో చేయండి.

మరో ముఖ్యమైన హెచ్చరిక. ఊరి నుంచి వస్తూ మట్టి నమూనాలను సూట్‌కేసులో పెట్టుకోవద్దు. విదేశీ మట్టిని తేవాలంటే అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి ఉండాలి. పరిశోధన కోసమైతే ఆ అనుమతి మీ ప్రయోగశాల ద్వారా ముందే తీసుకోవాలి.

ఇక ఉద్యోగాలు. చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే పనిచేయనిచ్చే ఓపీటీ కింద 12 నెలలు, దానిపై సైన్స్, ఇంజనీరింగ్ వంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు కింద మరో 24 నెలలు పనిచేయవచ్చు. విశ్వవిద్యాలయాలు ఇప్పించే హెచ్1బీ ఉద్యోగ వీసాకు వార్షిక కోటా వర్తించదు. ఫెడరల్ సంస్థల్లో శాశ్వత శాస్త్రవేత్త పదవులకు సాధారణంగా పౌరసత్వం కావాలి, అందువల్ల అవే లక్ష్యంగా పెట్టుకుని మొదటి అయిదేళ్లు గడపడం తెలివైన పని కాదు. కలుషిత స్థలాలను శుభ్రపరిచే కన్సల్టింగ్ సంస్థలను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గాని, బోధనా పదవులు కొద్దిగా ఉన్న ఈ రోజుల్లో మంచి రసాయన శాస్త్రజ్ఞులను అవి ఆదరిస్తున్నాయి. ఆ దారిలో వెళ్లదలచినవారు ప్రమాదకర వ్యర్థాల స్థలాల్లో పనికి అవసరమయ్యే 40 గంటల భద్రతా శిక్షణను పీహెచ్‌డీ చివరి ఏడాదిలోనే పూర్తిచేసుకోవడం మంచిది.