బీరు కిట్ కోసం లక్షా ఎనభై వేల అప్పా?

ప్రశ్న: మాది గాజువాక దగ్గర కూర్మన్నపాలెం. వయసు 31. పరవాడ ఫార్మాసిటీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుని. జీతం చేతికి 58,000 వస్తుంది. అద్దె, సరుకులు, బైక్ ఈఎంఐ, అమ్మానాన్నలకు పంపేది కలిపి 44,000 ఖర్చు. బీరుకి ఇంకో 5,000 పోతుంది. నా భార్యకు ఇప్పుడు ఐదో నెల. బ్యాంకులో 35,000 ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన మూడు లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది. మెల్‌బోర్న్‌లో ఉండే మా బావమరిది ఇంట్లోనే బీరు తయారుచేసుకుంటాడు. నేనూ మొదలుపెడితే నెలనెలా ఖర్చు తగ్గుతుంది కదా అని ఆలోచన. ఎలక్ట్రిక్ మిషన్, ఫ్రిజ్, కెగ్గులు (బీరు నిల్వచేసే పీపాలు) అన్నీ కలిపి 1,80,000 అవుతుంది. ఒక యాప్‌లో 16 శాతం వడ్డీకి రెండేళ్ల లోన్ అప్రూవ్ అయింది. ఈ పెద్ద కిట్ కొనమంటారా, చిన్నది చాలంటారా?

జవాబు: బీరు నా సబ్జెక్టు కాదని మీ ఉత్తరం పక్కన పెట్టేసేవాణ్ణే. కానీ ఈ మధ్య ఇలాంటివి చాలా వస్తున్నాయి. ఒకరికి కెమెరా కావాలి, ఇంకొకరికి విదేశీ సైకిల్, మీకు బీరు మిషన్. బ్యాంకులో చూస్తే నెల ఖర్చుకి సరిపడా డబ్బు కూడా ఉండదు. యాప్‌లో మాత్రం లోన్ సిద్ధంగా ఉంటుంది.

ముందు చట్టం సంగతి. ఆస్ట్రేలియాలో సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవచ్చు. బ్రిటన్‌లో కూడా 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. మనది ఆంధ్రప్రదేశ్. ఇక్కడ 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, బీరు కూడా అందులోదే. ‘అమ్మడానికి కాదండీ, మేం తాగడానికే’ అంటే కుదరదు. కిట్ అమ్మేవాడు డబ్బా పంపించి ఊరుకుంటాడు, కేసైతే మీ మీదే. ఫార్మా కంపెనీలో ఉద్యోగం, ఇంట్లో ఒక్కరి సంపాదన. ఎక్సైజ్ కేసు పడితే జీతానికే ఎసరు.

ఇక మీరు వేసుకున్న లెక్క. 1,80,000 కి 16 శాతం చొప్పున 24 నెలలంటే ఈఎంఐ సుమారు 8,813. మొత్తం కట్టేది 2,11,500 దాకా. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం ఉంటే జీఎస్టీతో కలిపి 6,372 ముందే కోసేసుకుంటారు, వడ్డీ మాత్రం పూర్తి 1,80,000 మీద వేస్తారు. మీ బీరు ఖర్చు నెలకు 5,000, రెండేళ్లకు 1,20,000. అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), పులియబెట్టే ఈస్ట్, కరెంటు అన్నీ ఎవరో ఉచితంగా ఇచ్చినా సరే, ‘ఆదా’ పేరుతో మీరు 91,500 ఎక్కువ కడతారు. మంచింగ్ ఖర్చు ఎలాగూ తగ్గదు, అది మీరు రాయనే లేదు. మొదటి బీరు చేతికొచ్చేదాకా కొనుక్కుని తాగక తప్పదు కాబట్టి, ఆ నెలల్లో ఖర్చులు, ఈఎంఐ పోగా మీకు మిగిలేది 187 రూపాయలు. నాలుగు నెలల్లో కాన్పు ఉన్న ఇంట్లో 187 రూపాయలు!

నా గోల ఎప్పుడూ ఉండేదే, ఎమర్జెన్సీ ఫండ్. మీకు నెలకు 44,000 చొప్పున ఆరు నెలలకు 2,64,000 ఉండాలి. ఉన్నది 35,000, అంటే 24 రోజుల ఖర్చు కూడా నిండదు. విశాఖలో ఉంటూ ఇంత ధీమా ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. చేతిలో నోట్లు ఉన్నవాళ్లకే పాల ప్యాకెట్ దొరికింది. కాబట్టి ఈ ఫండ్‌లో ఒక పదివేలు ఇంట్లో నగదుగా ఉంచండి. తుఫాను రాకపోయినా కాన్పు ఉంది. సిజేరియన్ అయితే, బిడ్డను నాలుగు రోజులు ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ)లో ఉంచాలంటే, గ్రూప్ పాలసీలో కాన్పు ఖర్చుకి విడిగా పరిమితి ఉంటే? ఆ పరిమితి ఎంతో ఈ వారమే హెచ్‌ఆర్‌ని అడగండి. మూడు లక్షలూ కాన్పుకి వస్తాయని అనుకోకండి.

ఈఎంఐ కట్టడానికి సిద్ధపడిన 8,800 నే జీతం పడిన మర్నాడు ఆర్‌డీకి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) పోయేలా పెట్టండి. రెండేళ్లలో మీరు కట్టిన అసలు మొత్తమే 2,11,200. చేతిలో ఉన్న 35,000, వడ్డీ కలిస్తే దాదాపు ఆరు నెలల ఖర్చు చేరిపోతుంది. బీరు సగానికి తగ్గిస్తే ఇంకా ముందే. మధ్యలో కాన్పుకి కొంత తీయాల్సి వస్తే తీయండి, దాచేది అందుకే.

టర్మ్ పాలసీ బిడ్డ పుట్టేలోపే తీసుకోండి. సొంత ఫ్యామిలీ హెల్త్ పాలసీ కూడా అవసరమే, వెయిటింగ్ పీరియడ్ వల్ల ఈ కాన్పుకి మాత్రం పనికిరాదు. మ్యూచువల్ ఫండ్లు తర్వాత.

అడిగారు కాబట్టి కిట్ సంగతి కూడా చెప్తాను. చట్టం ఒప్పుకునే చోట ఎప్పుడైనా ఉంటే, అప్పుడు కూడా చిన్నదే కొనండి. దాదాపు 30 లీటర్ల ప్లాస్టిక్ ఫర్మెంటర్ (పులియబెట్టే డబ్బా), ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి పోనిచ్చి గాలి లోపలికి రానివ్వని మూత), హైడ్రోమీటర్ (రసం సాంద్రత కొలిచేది), శానిటైజర్, సీసాలకు మూతలు బిగించే పరికరం, 1.7 కిలోల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బా. ఆ ఒక్క డబ్బాకి చక్కెర, నీళ్లు కలిపితే 23 లీటర్లు అవుతుంది. ఎలక్ట్రిక్ మిషన్ చేసేది గింజల నుంచి తీపి రసం తీయడమే. రుచి చెడేది ఎక్కువగా ఆ తర్వాత, శుభ్రత లేకో ఉష్ణోగ్రత ఎక్కువయ్యో. మామూలు ఏల్ (ఒక రకం బీరు) ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. మన విశాఖ ఎండాకాలంలో గదిలోనే 30 దాటుతుంది. అందుకే డబ్బు పెట్టాల్సి వస్తే మిషన్ మీద కాదు, పాత ఫ్రిజ్, టెంపరేచర్ కంట్రోలర్ మీద పెట్టాలి. హైడ్రోమీటర్ రీడింగ్ రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే సీసాల్లో నింపాలి, తొందరపడితే సీసాలు పేలతాయి. కెమిస్టుకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

భార్య బంగారం తాకట్టు పెట్టడం, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవడం లాంటి ఆలోచనలు ఉంటే వాటికీ నా జవాబు ఒకటే, వద్దు.

యాప్‌లో ఆ బటన్ నొక్కకండి. నొక్కేసి ఉంటే టెన్షన్ పడకుండా ఈ రోజే లోన్ ఒప్పందం తెరిచి, కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ గడువులోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు ఉంచుకుంటారేమో, పోనివ్వండి. లోన్ క్లోజ్ అయినట్టు లెటర్ తీసుకున్నాకే యాప్ తీసేయండి.